చెవి మిషన్ ఎక్కువకాలం పనిచేయాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నేను చెన్నై వెస్ట్ మాంబళంలో ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షించి, వినడానికి తోడ్పడే చెవి మిషన్లు అమర్చడం నా పని. నా దగ్గరికి రిపేరుకు వచ్చే చెవి మిషన్లలో చిప్పు పోయినవి, లోపల వైరు తెగినవి తక్కువ. చెమటకి చిలుము పట్టినవి, గుబిలితో మూసుకుపోయినవి, బీరువాలో పడి ఉండి పాడైనవి ఎక్కువ. అంటే ఇంట్లోనే ఆపగలిగినవి. వేలకు వేలు పోసి కొన్న మిషన్ అలా మూలపడితే నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే ఈసారి ఉత్తరాల్లోంచి మిషన్‌ని చూసుకోవడం గురించి అడిగినవే ఏరి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్ళు. చెవి వెనక పెట్టుకునే మిషన్ వాడుతున్నారు. అక్టోబరులో వానలు పట్టినప్పటి నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి మిషన్ మూగబోతోంది. రాత్రి తీసి పెట్టి పొద్దున్న పెట్టుకుంటే మళ్ళీ పనిచేస్తుంది. షాపుకి తీసుకెళ్తే "బాగానే ఉందమ్మా" అని పంపేస్తున్నారు. ఫోన్ తడిస్తే పెట్టినట్టు బియ్యం డబ్బాలో పెట్టమంటాడు మా అబ్బాయి. పెట్టవచ్చా? (ఒక పాఠకురాలు, వేళచ్చేరి)

జవాబు: బియ్యంలో వద్దమ్మా. బియ్యం తేమను పెద్దగా లాగదు. పైగా దాని పొడి వెళ్ళి మైకు రంధ్రంలో కూర్చుంటుంది. అప్పుడు తేమ ఒక సమస్య, పొడి ఇంకో సమస్య.

మీరు రాసిన తీరులోనే జబ్బు పేరు ఉంది. మధ్యాహ్నం ఆగిపోయి, రాత్రంతా ఆరాక పొద్దున్న పలికితే అది తొంభై పాళ్ళు తేమే. షాపువాళ్ళు అబద్ధం చెప్పలేదు. మీరు వెళ్ళేసరికి, ఏసీ గదిలో కాసేపు కూర్చునేసరికి అది ఆరిపోయి ఉంటుంది. ఈసారి ఆగిపోయిన వెంటనే, అలాగే తీసుకెళ్ళండి. కుదరకపోతే ఏ టైముకి ఆగింది, అప్పుడు ఆవిడ ఎక్కడున్నారు (వంటింట్లోనా, ఏసీ కారులోనా) అని ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. ఆ కాగితం మాకు చాలా ఉపయోగం.

ఇప్పుడు ఒక పని చేయండి. మిషన్ ఆగినప్పుడు చెవిలో నుంచి మౌల్డ్ (చెవి అచ్చు తీసి చేసిన ముక్క) తీసి, మౌల్డ్‌కీ మిషన్‌కీ మధ్య ఉండే పారదర్శకమైన ట్యూబును కిటికీ వెలుతురుకు పట్టి చూడండి. వంపు దగ్గర ఆవగింజంత నీటిబొట్టు కనిపిస్తుందేమో చూడండి. చెవిలోపలి గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది. అది ట్యూబులోకి వచ్చి, బయటి చల్లదనం తగిలేసరికి నీరుగా మారుతుంది. వంటింట్లోంచి నేరుగా ఏసీ గదిలోకి వెళ్ళేవాళ్ళకి ఇది మరీ ఎక్కువ. ఆ ఒక్క బొట్టు శబ్దానికి దారి మూసేస్తుంది. మిషన్ లోపల మాట్లాడుతూనే ఉంటుంది, చెవికి మాత్రం చేరదు.

బొట్టు కనబడితే ట్యూబును మిషన్ కొక్కెం నుంచి మెల్లగా లాగి విడదీయండి. రబ్బరు బ్లోయరు మొనను ట్యూబు చివర పెట్టి నొక్కితే బొట్టు మౌల్డ్ వైపు నుంచి బయటికి వచ్చేస్తుంది. నోటితో ఊదకండి, మన ఊపిరిలోనూ తేమే ఉంటుంది. ట్యూబును మిషన్‌కి తగిలించి ఉంచి బ్లోయరు కొట్టకండి, లోపలి రిసీవర్ (చిన్న స్పీకరు) దెబ్బతింటుంది.

బొట్టు లేకుండానే ఆగిపోతోందంటే తేమ మిషన్ లోపలికే వెళ్తోందన్నమాట. అప్పుడు రాత్రి అలవాటు మార్చాలి. పడుకునే ముందు మిషన్‌ను పొడి మెత్తటి గుడ్డతో, ముఖ్యంగా చెవి వెనక చర్మానికి ఆనే వైపు తుడవండి. బ్యాటరీ డోర్ పూర్తిగా తెరిచి బ్యాటరీ తీసేయండి. మిషన్‌ను అలా డోర్ తెరిచే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టి మూత గట్టిగా బిగించండి. బ్యాటరీని మాత్రం ఆ డబ్బాలో పెట్టకండి. అది గాలిలోని ఆక్సిజన్‌తో నడిచేది, అంత పొడిలో ఎండిపోతుంది.

సిలికా జెల్ గింజలు తేమ పీల్చి నిండిపోతే రంగు మారతాయి. నీలం రకం గులాబీ రంగుకీ, నారింజ రకం ఆకుపచ్చకీ తిరుగుతాయి. రంగు మారిన గింజలతో డబ్బా ఉన్నా లేనట్టే. మా దగ్గరికి వచ్చే చాలామంది డబ్బా చూపించి "రోజూ పెడుతున్నామండీ" అంటారు, తెరిచి చూస్తే గింజలన్నీ గులాబీ రంగులో ఉంటాయి. చెన్నైలో వానాకాలంలో అవి త్వరగా నిండుతాయి, వారానికోసారైనా చూడండి. వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చని ప్యాకెట్ మీద ఉంటేనే చేయండి, అదీ వంట గిన్నెల్లో వద్దు. మార్చేయడం తేలిక. పిల్లలకి అందనివ్వకండి. మీ అత్తగారికి చెమట ఎక్కువైతే కరెంటుతో నడిచే డ్రయ్యర్ డబ్బా కొనండి. సన్నని వెచ్చదనంతో రాత్రంతా ఆరబెడుతుంది. హెయిర్ డ్రయ్యర్, ఎండ, స్టవ్ గట్టు, సెట్‌టాప్ బాక్స్ నెత్తి, ఇవేవీ దానికి బదులు కావు. ప్లాస్టిక్ వంగుతుంది, అతుకులు వదులవుతాయి.

ఒకసారి బ్యాటరీ గూడు లోపల కూడా చూడండి. బ్యాటరీకి ఆనే చిన్న లోహపు రేకులు మెరుస్తూ ఉండాలి. వాటి అంచున పచ్చగా, తెల్లగా పొడిలాంటిది పేరుకుని ఉంటే అది చెమటలోని ఉప్పు చేసిన పని. పిన్నీసుతో గీకొద్దు, ఉప్పు కాగితంతో రుద్దొద్దు. రేకు వంగితే బ్యాటరీకి ఆనదు. సర్వీసుకి ఇవ్వండి. మొదట్లో ఇస్తే శుభ్రం చేయడంతో సరిపోతుంది, ఆరు నెలలు ఆగితే రేకులే మార్చాలి.

ఇంకొక్క మాట. తలకి నూనె, పౌడరు, జుట్టుకి రంగు, సాంబ్రాణి పొగ, ఇవన్నీ అయ్యాకే మిషన్ పెట్టుకోవాలి. శనివారం తలంటి పోసుకుంటే జుట్టు, చెవి వెనక భాగం పూర్తిగా ఆరాలి. కొబ్బరినూనె మైకు మూత మీద పొరలా పడితే మాట మందంగా వినిపిస్తుంది. అప్పుడు "మిషన్‌లో పవర్ తగ్గింది" అనుకుని వాల్యూమ్ పెంచేస్తారు. పవర్ తగ్గలేదు, దారి మూసుకుంది.

ప్రశ్న: కొనేటప్పుడు "ఐపీ 68, నీళ్ళు పడినా ఏం కాదు" అన్నారు. స్నానానికి, బీచ్‌లో అలల దగ్గరికి పెట్టుకుని వెళ్ళవచ్చా? (ఒక పాఠకుడు, అన్నానగర్)

జవాబు: వద్దు. ఆ రేటింగ్ పరీక్ష కొత్త మిషన్ మీద, మంచినీళ్ళలో చేస్తారు. సబ్బునీళ్ళు, సముద్రపు నీళ్ళు వేరు. రెండేళ్ళు వాడిన మిషన్‌లో అంచుల బిగువు కూడా వేరు. అనుకోకుండా వాన చినుకులు పడితే కంగారు పడక్కర్లేదని మాత్రమే దాని అర్థంగా తీసుకోండి. మెరీనాకి వెళ్ళినప్పుడు ఇసుకతో ఉన్న చేతుల్తో మిషన్ తాకకండి, ఇంటికొచ్చాక పొడిగుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టండి.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ళు. రెండు చెవులకీ మిషన్లు పెట్టాం. మాటలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. మిషన్ ఆగిపోయినా వాడు చెప్పడు. "రెండు రోజులుగా పిలిస్తే పలకట్లేదండీ" అని స్కూల్లో టీచర్ అన్నాక చూస్తే ఒక బ్యాటరీ అయిపోయి ఉంది. నాకు ఏడుపొచ్చింది. రోజూ ఎలా కనిపెట్టాలి? (ఒక తల్లి, అంబత్తూరు)

జవాబు: అమ్మా, ఏడవకండి. పిల్లవాడు చెప్పడు, ఆ వయసులో ఎవరూ చెప్పరు. ఆగిపోయిన మిషన్ వాడికి తెలియదు, నిశ్శబ్దమే మామూలనుకుంటాడు. అందుకే చూడటం మన పని. స్కూలుకి తయారు చేసేటప్పుడు రోజూ కొద్ది నిమిషాలు చాలు.

ముందు స్టెతోక్లిప్ అనేది ఒకటి కొనండి. డాక్టరు స్టెతస్కోపులాగే ఉంటుంది, కింద బిళ్ళకి బదులు మిషన్‌ని తగిలించే రబ్బరు మొన ఉంటుంది. పెద్ద ఖరీదు కాదు, మీ ఆడియాలజిస్టు దగ్గరే దొరుకుతుంది. బాబు మిషన్ బలమైనదైతే మీ చెవికి గట్టిగా కొడుతుంది కాబట్టి శబ్దం తగ్గించే డ్యాంపర్ ఉన్నది అడగండి. రోజూ పొద్దున్న దాంతో వింటూ మీరే ఏదైనా మాట్లాడండి. మొదటి వారం బాగున్న మిషన్ ఎలా పలుకుతుందో మీ చెవికి అలవాటవుతుంది. తర్వాత గరగర వచ్చినా, సన్నబడినా, మధ్యమధ్య తెగినా మీకు వెంటనే తెలిసిపోతుంది. బ్యాటరీ టెస్టరు కూడా ఒకటి పెట్టుకోండి.

మిషన్లు చెవులకి పెట్టాక బాబునే అడగాలి. దీనికి డేనియల్ లింగ్ అనే నిపుణుడు రూపొందించిన ఆరు శబ్దాల పరీక్ష ఉంది. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. మాటల్లో ఉండే మంద్రం నుంచి తారస్థాయి దాకా ఈ ఆరింటిలో వచ్చేస్తుంది. "మ్" అన్నిటికంటే కింద, "స్" అన్నిటికంటే పైన. వాడి పక్కనో వెనకో కూర్చోండి, మీ పెదాలు వాడికి కనిపించకూడదు. మామూలు గొంతుతో ఒక్కొక్కటే పలకండి. వరుస మారుస్తూ ఉండండి, మధ్యలో ఎక్కువా తక్కువా ఆగుతూ ఉండండి, లేకపోతే తాళం పట్టేస్తారు పిల్లలు. వినగానే ఒక చెక్క ముక్కని డబ్బాలో వేయాలని ఆటలా నేర్పండి. పెద్దయ్యాక తిరిగి పలకమనవచ్చు. ఒక్కో చెవికి విడిగా చేయండి, అంటే రెండో మిషన్ ఆపి. మీ విషయంలో జరిగింది అదే కదా, ఒక వైపు ఆగింది, ఇంకో వైపు వినిపిస్తోంది కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

నిన్నటిదాకా విన్న "స్" ఈరోజు వినలేదంటే బ్యాటరీ, ట్యూబు, మౌల్డ్ రంధ్రంలో గుబిలి చూడండి. అన్నీ బాగుండి కూడా వినకపోతే జలుబు చేసి చెవిలో నీరు చేరిందేమో, ఈఎన్‌టీకి చూపించండి. పాతరకం మిషన్‌లో చిన్న మీట ఉంటే అది ఎం మీద ఉందో టీ మీద ఉందో కూడా చూడండి. ఎం అంటే మైకు, టీ అనేది టెలిఫోన్ కోసం. పిల్లలు వేలితో అటు నెట్టేస్తే మైకు ఆగిపోతుంది, మిషన్ చచ్చిపోయిందని అందరూ కంగారు పడతారు.

అన్నిటికంటే పెద్ద హెచ్చరిక బ్యాటరీల గురించి. చిన్న బిళ్ళలు మెరుస్తూ ఉంటాయి, పిల్లలు మింగేస్తారు. బాబు మిషన్‌కి లాక్ ఉన్న బ్యాటరీ డోర్ పెట్టించండి. వాడిన బ్యాటరీ కూడా ప్రమాదమే. మింగినట్టు అనుమానం వచ్చినా సరే వాంతి చేయించకండి, రేపు చూద్దాం అనుకోకండి, 108కి ఫోన్ చేయండి లేదా వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. బ్యాటరీ ప్యాకెట్ వెంట తీసుకెళ్ళండి. గొంతులో ఇరుక్కుంటే గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. ముక్కులో, చెవిలో పెట్టుకున్నా అంతే తొందర. చుక్కల మందులేవీ వేయకూడదు. స్కూలుకి పంపే స్పేర్ బ్యాటరీలు బాబు బ్యాగులో కాదు, టీచర్ చేతికే ఇవ్వండి. ఎలా మార్చాలో ఒకసారి చూపించండి. నేను చూసిన టీచర్లలో ఎక్కువమంది అడిగితే సంతోషంగా నేర్చుకుంటారు.

వాడి చెవి పెరుగుతోంది కాబట్టి మౌల్డ్ కొన్ని నెలలకే వదులవుతుంది. మిషన్ కుయ్ మని కూయడం మొదలైతే కొత్త మౌల్డ్ తీయించే టైమ్ వచ్చిందన్నమాట. కూత వస్తోందని వాల్యూమ్ తగ్గించేస్తే ఆ తగ్గించినంతా వాడి మాటల్లోంచి పోతుంది.

ప్రశ్న: నాది 312 నంబరు బ్యాటరీ. వారం వస్తుందన్నారు, నాలుగు రోజులకే అయిపోతోంది. చెడిపోకుండా ఉండాలని మిగతావి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. (ఒక పాఠకుడు, టీ నగర్)

జవాబు: ఫ్రిజ్‌లోంచి ఈరోజే తీసేయండి. బయటికి తీసినప్పుడల్లా వాటి మీద చెమ్మ పడుతుంది, అది లోపలికి వెళ్తుంది. గదిలో, ఎండ తగలని చోట, డబ్బాలో ఉంటే చాలు. పర్సులో తాళాలతో, చిల్లరతో కలిపి వేయకండి, లోహం తగిలి ఖాళీ అయిపోతాయి.

ఇవి జింక్ ఎయిర్ బ్యాటరీలు. మీద అంటించిన స్టిక్కర్ కింద సన్నని రంధ్రాలుంటాయి. 10 నంబరుకి పసుపు, 312కి గోధుమ, 13కి నారింజ, 675కి నీలం స్టిక్కర్. స్టిక్కర్ తీయగానే గాలి లోపలికి వెళ్ళి బ్యాటరీ పని మొదలుపెడుతుంది, ఇక ఆగదు. మళ్ళీ అంటించినా పెద్ద లాభం లేదు. అందుకే వాడబోయేదానికి మాత్రమే తీయాలి. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ప్యాకెట్ ఒకసారి చూడండి, రంగు స్టిక్కర్లంటే వాళ్ళకి భలే సరదా. స్టిక్కర్ తీశాక వెంటనే మిషన్‌లో పెట్టకుండా రెండు మూడు నిమిషాలు బల్ల మీద ఉంచండి. గాలి బాగా పట్టాక పెడితే పూర్తి బలంతో మొదలవుతుంది. ఈ చిన్న ఓపిక వల్ల చాలామందికి తేడా కనిపించింది.

నాలుగు రోజులు తక్కువా కాదా అన్నది మీ వాడకాన్ని బట్టి ఉంటుంది. బలమైన మిషన్, రోజుకి పద్నాలుగు గంటలు, పైగా బ్లూటూత్‌లో ఫోన్ మాటలు, టీవీ అయితే 312కి నాలుగైదు రోజులు మామూలే. బ్లూటూత్ లేకుండా కూడా అలాగే ఉంటే, లేదా ఇదివరకు వారం వచ్చి ఇప్పుడు తగ్గిపోతే ప్యాకెట్ మీద తేదీ చూడండి. రోడ్డు వైపు అద్దాల షోకేసులో ఎండకి వేలాడిన ప్యాకెట్లు కొనకండి. ఒక చెవి బ్యాటరీ మాత్రమే త్వరగా పోతుంటే రెండు మిషన్ల బ్యాటరీలనూ ఒకే రోజు మార్చి చూడండి. అప్పుడూ అదే వైపు ముందు పోతే లోపం మిషన్‌లో ఉంది.

ఇవి నెమ్మదిగా నీరసపడవు, చివరిదాకా బాగానే పలికి ఒక్కసారిగా ఆగిపోతాయి. ఎక్కడికి వెళ్ళినా ఒక జత జేబులో ఉండాలి.

ప్రశ్న: ఐసీఎఫ్‌లో (రైలు పెట్టెల కర్మాగారంలో) పనిచేసి రిటైరయ్యాను. వర్క్‌షాపు మోతల మధ్య బతికిన చెవులు. మిషన్ పెట్టుకున్నాక అన్నం తినేటప్పుడు, ఎవరైనా దగ్గరికి వచ్చి ఆలింగనం చేసుకున్నప్పుడు కుయ్ మని కూస్తోంది. అందరిలో సిగ్గుగా ఉంటోంది. (ఒక పాఠకుడు, పెరంబూరు)

జవాబు: మిషన్ నుంచి బయటికి వచ్చిన శబ్దం మళ్ళీ దాని మైకులోకే దూరితే వచ్చే కూత అది. చెయ్యో, దిండో, మనిషి చెంపో దగ్గరికి వచ్చి ఆ క్షణం కూసి ఆగితే దాదాపు మామూలే. అన్నం నమిలేటప్పుడు కూస్తోందంటే దవడ కదిలినప్పుడు మౌల్డ్ పక్క నుంచి సందు వస్తోంది. మౌల్డ్ సరిగ్గా లోపలిదాకా కూర్చుందో లేదో ముందు చూడండి. పైకొన చెవి మడత కిందికి వెళ్ళాలి, చాలామందికి అదే బయట ఉండిపోతుంది. ట్యూబు పసుపు పట్టి గట్టిపడినా, పగిలినా కూస్తుంది. మూడు నుంచి ఆరు నెలలకి ట్యూబు మార్పించాలి.

ఇవన్నీ బాగుంటే చెవిలో గుబిలి ఉందేమో ఈఎన్‌టీకి చూపించండి. గుబిలి గడ్డకి తగిలి శబ్దం వెనక్కి వస్తుంది. ఇయర్ బడ్స్, అగ్గిపుల్లలు, తాళంచెవి, వేడి నూనె, ఇవేవీ వద్దు. బడ్స్ గుబిలిని ఇంకా లోపలికి తోస్తాయి.

మౌల్డ్‌ను వారానికోసారి కడగండి. మిషన్ నుంచి విడదీసి, గోరువెచ్చటి నీళ్ళలో మెత్తటి సబ్బుతో. స్పిరిట్, శానిటైజర్, డెట్టాల్ వద్దు, మెటీరియల్ గట్టిపడుతుంది. బ్లోయరుతో ట్యూబులో నీరు పోగొట్టి రాత్రంతా ఆరనిచ్చి పొద్దున్న తగిలించండి. రెండు మిషన్లూ ఒకేసారి విడదీయకండి, కుడి ఎడమలు కలిసిపోతాయి. ఎర్ర గుర్తు కుడి, నీలం గుర్తు ఎడమ.

మౌల్డ్ లేకుండా సన్నని వైరు చివర చిన్న స్పీకరు, మెత్తటి రబ్బరు డోమ్ ఉన్న రకమైతే కడగడమే కూడదు. దానికి వాక్స్ గార్డ్ (గుబిలి లోపలికి పోకుండా ఆపే జల్లెడ) మార్చాలి. డోమ్ లాగేస్తే స్పీకరు మొనలో తెల్లటి చిన్న జల్లెడ కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చిన పుల్లకి రెండు కొనలుంటాయి, ఒకటి ఖాళీ, ఇంకోదానికి కొత్త గార్డ్ ఉంటుంది. ఖాళీ కొనను పాత గార్డులో నిటారుగా గుచ్చి లాగితే వచ్చేస్తుంది. పుల్ల తిప్పి కొత్తది నొక్కితే అంటుకుపోతుంది. తిరిగి డోమ్ పెట్టేటప్పుడు పూర్తిగా లోపలికి నెట్టి, ఒకసారి లాగి చూడండి. వదులుగా ఉంటే చెవిలోనే ఉండిపోతుంది. అలా ఉండిపోతే ఇంట్లో తీయడానికి ప్రయత్నించకుండా ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళండి. "రిసీవర్ పోయింది, మార్చాలి" అన్న మాట విన్నప్పుడు ముందు వాక్స్ గార్డ్ మార్చి చూశారా అని అడగడం మీ హక్కు.

ప్రశ్న: మా తాతగారు మిషన్‌ని డిసెంబరు కచేరీలకి, పెళ్ళిళ్ళకి మాత్రమే పెట్టుకుంటారు. "ఊరికే వాడితే అరిగిపోతుంది" అని మిగతా రోజుల్లో బీరువాలో పెట్టేస్తారు. కచేరీలో కూడా వేణువు బాగా వినబడట్లేదు, అపశ్రుతిలా ఉందంటారు. (ఒక మనవరాలు, ట్రిప్లికేన్)

జవాబు: అమ్మాయీ, ఈ ఉత్తరం తాతగారికి చదివి వినిపించు, గట్టిగా.

తాతగారూ, వాడితే అరిగే మిషన్ కాదండీ ఇది. వాడకపోతే పాడయ్యేది. బ్యాటరీ లోపలే ఉంచి నెలల తరబడి పెట్టేస్తే అది కారి రేకులన్నీ తినేస్తుంది. ట్యూబు గట్టిపడుతుంది. చెన్నై గాలి బీరువాలోకీ వెళ్తుంది. రోజూ వాడి రాత్రి ఆరబెట్టే మిషన్ ఐదారేళ్ళు బాగా నడుస్తుంటే, దాచుకున్నది రెండేళ్ళకే నా బల్ల మీదికి వస్తోంది.

మిషన్ కంటే ముఖ్యమైనది మీ చెవి వెనకున్న మెదడు. ఇన్నేళ్ళు వినని సన్నని శబ్దాలు ఒక్కసారిగా వస్తే అది గందరగోళపడుతుంది. ఫ్యాన్ చప్పుడు, ప్లేట్ల చప్పుడు పక్కకి నెట్టి మనిషి మాటను పట్టుకోవడం దానికి రోజూ సాధన చేస్తేనే వస్తుంది. ఏడాదికి ఇరవై రోజులు పెట్టుకుంటే ప్రతిసారీ మొదటి రోజే అవుతుంది. మొదట ఇంట్లో, ప్రశాంతంగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలు పెట్టుకోండి. మెల్లగా పెంచి, స్నానం, నిద్ర తప్ప రోజంతా ఉండేలా చేసుకోండి.

వేణువు సంగతి మాత్రం మీరన్నది అక్షరాలా నిజం. మిషన్‌లో కూతను ఆపే ఏర్పాటు ఒకటి ఉంటుంది. వేణువు మీద నిలిపిన స్వరం దానికి కూతలాగే తోస్తుంది. దాన్ని అణచబోతుంది, అప్పుడు స్వరం వణికినట్టు, పక్కన ఇంకో శ్రుతి పలికినట్టు ఉంటుంది. రొదను తగ్గించే ఏర్పాటు కూడా తంబురాని ఫ్యాన్ చప్పుడు అనుకోవచ్చు. మీ ఆడియాలజిస్టుని "సంగీతానికి వేరే ప్రోగ్రాం పెట్టండి" అని అడగండి. అందులో ఈ రెండింటినీ తగ్గించి పెడతారు. కచేరీకి వెళ్ళినప్పుడు బటన్ నొక్కి అందులోకి మారవచ్చు. సీజన్ మొదలయ్యే ముందు నవంబరులోనే వెళ్ళండి. మీకు బాగా తెలిసిన కృతి ఒకటి ఫోన్‌లో తీసుకెళ్ళి, అది వింటూ సరిచేయించుకోండి. సంగీతం తెలిసిన మనిషి చెవి చెప్పినంత బాగా మా కంప్యూటర్ చెప్పదు.

ప్రశ్న: సోఫా మీద పెట్టిన మిషన్‌ని మా కుక్కపిల్ల కొరికేసింది. ఇది రెండోసారి. దానికి అదే ఎందుకు కావాలి? (ఒక పాఠకురాలు, నంగనల్లూరు)

జవాబు: దానికి మీ వాసన ఉంటుంది, గుబిలి రుచి ఉంటుంది. ఆపకుండా పెడితే సన్నని కూత కూడా వేస్తుంది. తీసిన మిషన్‌కి ఒకటే చోటు, మూత ఉన్న డబ్బా. ముందు బ్యాటరీ కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే కుక్కని వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. వారంటీలో నీళ్ళలో పడటం, పోవడం, కొరకడం చాలావాటికి ఉండవు. కాబట్టి కొత్తది కొనేటప్పుడు ఇన్సూరెన్స్ ఉందా అని అడగండి.

ప్రశ్న: మా నాన్నగారు ఈ మధ్య పోయారు. ఆయన మిషన్లు ఏడాదిన్నర క్రితం కొన్నవే, మంచివి. అమ్మకి కూడా వినికిడి తగ్గింది. "ఆయనవి నేను పెట్టుకుంటాను" అంటోంది. పెట్టవచ్చా? (ఒక కొడుకు, కొళత్తూరు)

జవాబు: మీ అమ్మగారి కోరిక నాకు అర్థమైంది. చాలాసార్లు కుదురుతుంది, కానీ నేరుగా చెవిలో పెట్టి చూడకండి. నాన్నగారి వినికిడి లోపానికి సరిపడేలా శబ్దం పెంచి ఉంచారు. అమ్మగారికి లోపం తక్కువైతే ఆ శబ్దం ఆవిడ చెవిని ఇంకా దెబ్బతీస్తుంది. ఎక్కువైతే వినబడదు, "నాకు మిషన్లు పడవు" అని ఎప్పటికీ వదిలేస్తారు.

ముందు అమ్మగారికి చెవి పరీక్ష చేయించి ఆడియోగ్రామ్ (ఏ శబ్దం ఎంత వినబడుతుందో చూపే పటం) తీయించండి. అది చేసేవాళ్ళు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైన ఆడియాలజిస్టులై ఉండాలి, నంబరు అడిగితే చెప్పాలి. నాన్నగారి మిషన్ల శక్తి అమ్మగారి లోపానికి సరిపడే పరిధిలో ఉంటే, అదే కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో పాత సెట్టింగులు తీసేసి అమ్మగారి ఆడియోగ్రామ్ ప్రకారం మళ్ళీ ప్రోగ్రామ్ చేయవచ్చు. మౌల్డ్‌లు మాత్రం నాన్నగారి చెవి అచ్చులు, అవి పనికిరావు. కొత్త కొలత తీసి చేయించాలి. స్పీకరు చెవిలోకి వెళ్ళే రకమైతే అమ్మగారి చెవికి తగిన పొడవు వైరు, కొత్త డోమ్‌లు, కొత్త వాక్స్ గార్డ్‌లు పెట్టించండి. చార్జింగ్ రకమైతే చార్జరు కూడా తీసుకెళ్ళండి. రోజంతా నిలబడుతోందో లేదో అక్కడే చూడమనండి.

ఇవన్నీ చేయించేదాకా వాటిలోని బ్యాటరీలు తీసి, డోర్లు తెరిచి సిలికా జెల్ డబ్బాలో ఉంచండి. చార్జింగ్ రకమైతే స్విచ్ ఆపి, అప్పుడప్పుడు చార్జ్ చేస్తూ ఉండండి. కొన్నప్పటి బిల్లు, వారంటీ కార్డు, మిషన్ మీది సీరియల్ నంబరు వెతికి పెట్టుకోండి. వారంటీ ఇంకా మిగిలి ఉంటే అది అమ్మగారికి వర్తిస్తుందా అని కంపెనీ సర్వీస్ సెంటర్‌ని ముందే అడగండి. కొన్ని కంపెనీలు సీరియల్ నంబరు చూసి ఒప్పుకుంటాయి. పరీక్షలో లోపం రెండు చెవులకీ వేర్వేరుగా వచ్చినా ఇబ్బంది లేదు, ఒక్కో మిషన్‌ను విడిగానే ప్రోగ్రామ్ చేస్తారు. నాన్నగారి పేరు మీద ఉన్న రికార్డులో అమ్మగారి పేరు, ఆవిడ ఆడియోగ్రామ్ తేదీ రాయించండి. మళ్ళీ సర్వీసుకి వెళ్ళినప్పుడు పాత సెట్టింగులు పొరపాటున తిరిగి ఎక్కకుండా ఉంటాయి.